పాత ఫ్లాష్ సినిమాలు, ఫ్లిప్‌నోట్లు, గోఎనిమేట్ ప్రాజెక్టులు: దేన్ని ఎలా దాచాలి?

వెబ్ పేజీల్లో కార్టూన్లు, ఆటలు ఆడించిన అడోబీ ఫ్లాష్ ప్లేయర్ కథ 2020 డిసెంబరు 31తో ముగిసింది. 2021 జనవరి 12 రాగానే కంప్యూటర్లలో మిగిలి ఉన్న ప్లేయర్లు కూడా ఫైళ్లను ఆడించడం మానేశాయి. ఆ తేదీకి ఆగిపోయేలా అడోబీయే వాటిని ముందుగా సిద్ధం చేసి పెట్టింది. అప్పటికే చాలా సైట్లు పోయాయి. నింటెండో వాళ్ల చేతి గేమ్ యంత్రం డీఎస్ఐలో గీసిన చిన్న బొమ్మల కథలు పంచుకునే ఫ్లిప్‌నోట్ హటేనా 2013 మే 31న మూతపడింది. డైలాగులు టైపు చేస్తే బొమ్మలు మాట్లాడే ఎక్స్‌ట్రానార్మల్ అదే ఏడాది జులై చివర్లో ఆగిపోయింది. రెడీమేడ్ పాత్రలతో కార్టూన్లు కట్టుకునే గోఎనిమేట్ 2018లో వయాండ్ అని పేరు మార్చుకుని పూర్తిగా కంపెనీల వీడియోల వైపు మళ్లింది.

వీటితో ఆడుకుంటూ యానిమేషన్ నేర్చుకున్నవాళ్ల దగ్గర ఇప్పటికీ పాత హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో, మెమరీ కార్డుల్లో ఫైళ్లు పడి ఉన్నాయి. వాటిని ఏం చేయాలని ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: స్క్రీన్ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేయమని. సులువైన పని, కొన్నిసార్లు అవసరం కూడా. కానీ మొదటి పనిగా మాత్రం నేను ఒప్పుకోను. మనం దాచాలనుకుంటున్నది ఒక్క వస్తువు కాదు కాబట్టి. తెరమీద కదిలే బొమ్మ ఉంది. నొక్కితే స్పందించే ఫైలు ఉంది. ఆ ఫైలు తయారుచేసిన పనిముట్టు ఉంది. దాని చుట్టూ చేరి తిట్టుకుని, పొగుడుకుని, ఒకరి బొమ్మను ఒకరు మార్చి మళ్లీ పెట్టుకున్న జనం ఉన్నారు. రికార్డింగ్ దాచేది మొదటిదాన్నే.

చేతిలో ఉన్నదేమిటో ముందు చూసుకోండి

ఫ్లాష్ విషయంలో రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. ఎఫ్ఎల్ఏ అంటే యానిమేటర్ పనిచేసుకున్న ఫైలు. లేయర్లు, వాటి పేర్లు, సింబల్ లైబ్రరీ, సగం గీసి వదిలేసిన సీన్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఎస్‌డబ్ల్యూఎఫ్ అంటే దాన్నుంచి పబ్లిష్ చేసి జనానికి ఇచ్చిన ఫైలు. ఎఫ్ఎల్ఏ దొరికితే మీ అదృష్టం, దాన్ని ముందు రెండు చోట్ల కాపీ చేసి తర్వాత మిగతా పని చూడండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ మాత్రమే ఉంటే జేపెక్స్ అనే ఉచిత డీకంపైలర్‌తో దాన్ని విప్పి బొమ్మలు, శబ్దాలు, కోడ్ బయటికి తీయవచ్చు, ఎఫ్ఎల్ఏగా కూడా మార్చుకోవచ్చు. అయితే అలా పుట్టిన ఎఫ్ఎల్ఏలో 'అమ్మ చెయ్యి ఎడమ' లాంటి లేయర్ పేర్లు ఉండవు, యానిమేటర్ రాసుకున్న నోట్లు ఉండవు. పబ్లిష్ చేసినప్పుడే అవి పోయాయి.

పాత బ్రౌజర్ క్యాషేలో పేరూ ఎక్స్‌టెన్షనూ లేని ఫైళ్లు దొరికితే పారేయకండి. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మొదటి మూడు అక్షరాలు చూడండి. ఎఫ్‌డబ్ల్యూఎస్, సీడబ్ల్యూఎస్, జెడ్‌డబ్ల్యూఎస్ అనే మూడింటిలో ఏదైనా కనిపిస్తే అది ఫ్లాష్ ఫైలే. మొదటిది కంప్రెస్ చేయనిది, మిగతా రెండూ రెండు పద్ధతుల్లో కంప్రెస్ చేసినవి. చూశాక సేవ్ చేయకుండా మూసేయడం మాత్రం మర్చిపోవద్దు. టెక్స్ట్ ఎడిటర్ సేవ్ చేస్తే బైనరీ ఫైలు పాడవుతుంది.

ఫ్లిప్‌నోట్ ఫైళ్లకు వేరే చిక్కు ఉంది. వాటి ఎక్స్‌టెన్షన్ పీపీఎం. ఇదే ఎక్స్‌టెన్షన్‌తో ఎప్పటినుంచో ఒక మామూలు ఇమేజ్ ఫార్మాట్ కూడా ఉంది. ఫొటో వ్యూయర్ 'ఫైలు పాడైంది' అని చెబితే నమ్మేసి డిలీట్ చేస్తే అంతే సంగతులు.

వీడియో చేయాలా, అసలు ఫైలే ఉంచాలా?

రెండూ చేయండి. కానీ దేన్ని అసలుగా చూడాలో మనసులో స్పష్టంగా ఉండాలి.

ఫ్లాష్ బొమ్మలు ఎక్కువగా వెక్టర్లు. గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగుతుందో ఫైల్లో లెక్కలుగా ఉంటుంది. అందుకే మోడెమ్‌ల రోజుల్లో కొన్ని వందల కిలోబైట్లలో మొత్తం కార్టూన్ పట్టేది. అదే ఫైలును ఇప్పటి పెద్ద తెరమీద ఆడించినా గీత పదునుగానే ఉంటుంది. 550×400 సైజులో రికార్డ్ చేసిన వీడియోను సాగదీస్తే మసక తప్పదు. నీటుగా రికార్డ్ చేసినా మరో నష్టం ఉంది: ఆ కాలపు యానిమేటర్లకు నొక్కితే ఏదో ఒకటి బయటపడే చిలిపి ఏర్పాట్లు పెట్టడం సరదా. వెనక గోడమీద గడియారం నొక్కితే ఇంకో సీను వస్తుంది. చివర్లో కొంతసేపు ఆగితే పాత్ర వచ్చి విసుక్కుంటుంది. లోడ్ అవుతున్నంతసేపు ఆడుకోవడానికి చిన్న ఆట ఉంటుంది. వీడియోలో ఇవేవీ ఉండవు, ఉన్నాయన్న సంగతి కూడా చూసేవాళ్లకు తెలియదు. ఇంకోటి, స్టేజి అంచులు దాటి గీసిన బొమ్మలు. ఫ్లాష్ ఫైళ్లు ఆడించే ప్రొజెక్టర్ ప్రోగ్రామ్ కిటికీని పక్కకు లాగితే ఫ్రేము బయట వరుసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్న పాత్రలు కనిపిస్తాయి. ఎలా పనిచేశారో నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇది బంగారం.

అయినా వీడియో ఎందుకు చేయాలంటే, చూసేవాళ్ల కోసం. ఎమ్యులేటర్ (పాత ప్లేయర్‌లా నటించే కొత్త ప్రోగ్రామ్) పెట్టుకునే ఓపిక చాలామందికి ఉండదు. ఫోన్లో నొక్కగానే ఆడితేనే చూస్తారు. చేసేటప్పుడు స్క్రీన్ రికార్డర్ బదులు ఫ్లాష్ సినిమాల సైటు న్యూగ్రౌండ్స్ వాళ్ల స్వివెల్ అనే ప్రోగ్రామ్ వాడితే మంచిది. అది తెరను చిత్రీకరించదు. ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను ఒక్కో ఫ్రేముగా, మీరు చెప్పిన రిజల్యూషన్‌లో గీసి వీడియోగా మారుస్తుంది. కంప్యూటర్ నెమ్మదించినా ఫ్రేములు జారిపోవు. నొక్కి ఆడాల్సిన వాటికి ఇది పనికిరాదు, మొదటినుంచి చివరిదాకా వరుసగా సాగే సినిమాలకు మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు.

స్క్రీన్ రికార్డింగే చేయాల్సి వస్తే ఫ్రేమ్ రేటు చూసుకోండి. పాత ఫ్లాష్‌లో డిఫాల్ట్ సెకనుకు 12 ఫ్రేములు, చాలామంది కొత్తవాళ్లు దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు. దాన్ని సెకనుకు 30 చొప్పున రికార్డ్ చేస్తే 12 అందులోకి సమానంగా పోదు. ఒక బొమ్మ రెండు ఫ్రేములు, పక్కది మూడు ఫ్రేములు నిలుస్తుంది, నడక కుంటుతున్నట్టు కనిపిస్తుంది. 24 గానీ 60 గానీ పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. దాచుకునే కాపీని ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి, నాణ్యత తగ్గని ఫార్మాట్‌లో ఉంచి, దాన్నుంచి ఎంపీ4 తీసి పంచుకోవచ్చు. డిస్కులో చోటు లేకపోతే ఆ పట్టింపు వదిలేయండి, అసలు ఎస్‌డబ్ల్యూఎఫ్ ఉంటే వీడియో ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు.

ఇక ఆ వీడియో పెట్టే చోటు గురించి. ఆటల ఇంజిన్లతో తీసిన వీడియోలకు పెద్ద అడ్డాగా ఉన్న మషినిమా చానెల్ 2019 జనవరిలో తన వీడియోలన్నిటినీ ఒక్కసారిగా ప్రైవేట్ చేసేసింది. వాటిని తీసినవాళ్లలో కొందరి దగ్గర సొంత కాపీలు కూడా లేవు. వీడియో సైటు జనానికి చూపించే చోటు, అంతవరకే దాన్ని నమ్మాలి.

ఆడించడానికి: రఫిల్, ఫ్లాష్‌పాయింట్, పాత ప్రొజెక్టర్

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే ఈ మూడూ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి.

రఫిల్ ఒక ఎమ్యులేటర్. అడోబీ కోడ్ ఏమీ వాడకుండా, రస్ట్ భాషలో కొత్తగా రాసింది. వెబ్‌అసెంబ్లీ ద్వారా నేరుగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి ప్లగిన్ అక్కర్లేదు, బ్రౌజర్ కంచె దాటి కంప్యూటర్‌లోకి వచ్చే ప్రమాదమూ తక్కువ. స్వివెల్ రాసిన మైక్ వెల్షే దీన్నీ మొదలుపెట్టాడు. పాత వెబ్ పేజీలు, ఫైళ్లు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులో ఫ్లాష్ ఫైళ్లను ఆడించడం మొదలుపెట్టింది రఫిల్‌తోనే. మీ దగ్గర సైటు ఉంటే పేజీలో దీని స్క్రిప్టు ఒక్కటి కలిపితే చాలు, పాత ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు మళ్లీ కదులుతాయి. డెస్క్‌టాప్ యాప్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉన్నాయి.

దీని బలహీనత యాక్షన్‌స్క్రిప్ట్ 3, అంటే ఫ్లాష్ ఫైళ్లలో కోడ్ రాసే భాష కొత్త వెర్షన్. ఫ్లాష్ ప్లేయర్ 9తో 2006లో వచ్చిన ఈ భాష కోసం ప్లేయర్ లోపల పూర్తిగా వేరే యంత్రం పెట్టారు. రఫిల్ ముందుగా పాత యంత్రాన్ని బాగా నేర్చుకుంది, కొత్తది మెల్లగా పట్టుబడుతోంది. కాబట్టి 2000 నుంచి 2006 దాకా చేసిన కార్టూన్లకు రఫిల్ సాధారణంగా చక్కగా సరిపోతుంది. ఆ తర్వాతివి, ముఖ్యంగా కోడ్ ఎక్కువున్నవి, ఒక్కోటీ ఆడించి చూసుకోవాల్సిందే. అక్షరాల దగ్గర కూడా ఒక కన్నేసి ఉంచండి. ఫాంటును ఫైల్లో పొందుపరచకుండా 'నీ కంప్యూటర్‌లో ఉన్నది వాడుకో' అని వదిలేసిన సినిమాల్లో డైలాగులు వేరే ఆకారంలో, కొన్నిసార్లు బుడగ దాటి బయటికి వస్తాయి. తప్పు రఫిల్‌ది కాదు, అప్పట్లో కూడా ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా కనిపించేవి.

ఫ్లాష్‌పాయింట్ దారి వేరు. ఫ్లాష్ పోతుందని తెలిశాక 2018 ప్రారంభంలో బ్లూమాక్సిమా అనే పేరుతో ఒక ఆస్ట్రేలియన్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో ఇప్పుడు లక్షకు పైగా ఆటలు, వేలకొద్దీ యానిమేషన్లు ఉన్నాయి. ఇది ఎమ్యులేటర్ మీద మాత్రమే ఆధారపడదు, చాలావాటిని అసలు ప్లేయర్లతోనే ఆడిస్తుంది. ఫ్లాష్ ఒక్కటే కాదు, షాక్‌వేవ్ లాంటి ఇతర ప్లగిన్లవీ ఉంటాయి. నాకు దీనిలో నచ్చేది తెరవెనక జరిగే ఏర్పాటు. చాలా ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు ఒంటరివి కావు. మొదటి ఫైలు రెండో ఫైలును పిలుస్తుంది, అది సర్వర్ నుంచి పాట తెచ్చుకుంటుంది, మరోటి తానున్న డొమైన్ పేరు సరిచూసుకుని 'ఇది మా సైటు కాదు' అని మొరాయిస్తుంది. ఫ్లాష్‌పాయింట్ మీ కంప్యూటర్‌లోనే ఒక సర్వర్ నడిపి, ఎప్పుడో పోయిన ఆ సైటు ఇంకా ఉన్నట్టే ఫైలుకు బదులిస్తుంది. ఫైలుకు తేడా తెలియదు.

రెండు కూర్పులు ఉన్నాయి. ఇన్ఫినిటీ చిన్నది, మీరు ఎంచుకున్నదాన్ని అప్పటికప్పుడు దించుకుంటుంది. అల్టిమేట్ అంటే మొత్తం సేకరణ, టెరాబైట్లలో ఉంటుంది. చూసి ఆనందించడానికి ఇన్ఫినిటీ చాలు. అల్టిమేట్ దించుకునేవాళ్లు ప్రపంచంలో ఇంకో కాపీ ఉండాలని పట్టుదల ఉన్నవాళ్లు, అలాంటివాళ్లు కొందరైనా ఉండాలి. ప్రధానంగా విండోస్ కోసం చేసింది కాబట్టి వేరే సిస్టమ్ వాడేవాళ్లు రఫిల్‌తో మొదలుపెట్టడం మేలు.

మూడోది అడోబీ వదిలిన విడి ప్రొజెక్టర్. బ్రౌజర్‌తో సంబంధం లేని చిన్న ప్రోగ్రామ్, ఎస్‌డబ్ల్యూఎఫ్ ఇస్తే ఆడిస్తుంది. అసలు ప్లేయరే కాబట్టి ఆడించడంలో తేడా ఉండదు. రఫిల్‌లో ఏదైనా తేడాగా కనిపించినప్పుడు 'అసలు ఇలాగే ఉండేదా?' అని సరిచూసుకోవడానికి ఇది దగ్గర ఉండాలి. కానీ భద్రతా మరమ్మతులు ఆగిపోయిన ప్రోగ్రామ్ ఇది. ముక్కూ మొహం తెలియని సైట్ల నుంచి దించకండి, ఎవరో పంపిన ఫైళ్లను దాంతో తెరవకండి. నెట్ లేని పాత కంప్యూటర్ ఒకటి పక్కన పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

నన్ను ఒకటే చెప్పమంటే: సొంత ఫైళ్లు పదిమందికి చూపించాలంటే రఫిల్. సైటు మొత్తం పోయి, ముక్కలు దొరికినచోటల్లా ఏరి కూర్చాల్సిన పని అయితే ఫ్లాష్‌పాయింట్. ప్రొజెక్టర్ సరిచూసుకోవడానికే.

ఫైలే లేని యానిమేషన్లు

గోఎనిమేట్ వ్యవహారం వీటన్నిటికంటే కష్టం. ఫ్లాష్‌లో గీసినవాడి చేతిలో ఫైలు ఉండేది. గోఎనిమేట్‌లో అంతా వాళ్ల సర్వర్‌లోనే ఉండేది. మీ 'సినిమా' అంటే ఏ పాత్ర, ఏ బ్యాక్‌గ్రౌండ్, ఎన్నో సెకనులో ఏ కదలిక అని చెప్పే ఒక ఎక్స్ఎంఎల్ జాబితా. ఆ పాత్ర బొమ్మ కంపెనీది, గొంతు మరో కంపెనీ టెక్స్ట్-టు-స్పీచ్ సర్వీసుది. పాత థీమ్‌లు తీసేశాక ఆ జాబితాకు అర్థం లేకుండా పోయింది.

అలాంటిదాన్ని ఎందుకు దాచాలని కొందరు అంటారు. ఆ వీడియోలు చూడటానికి మోటుగానే ఉంటాయి. అల్లరి చేసిన పిల్లాణ్ణి రోబో గొంతు తండ్రి వందల ఏళ్లపాటు ఇంట్లో కూర్చోమని శిక్షించే 'గ్రౌండెడ్' కథలు ఒకదానిమీద ఒకటి వేలల్లో పుట్టాయి. కానీ బొమ్మ గీయడం రాని పిల్లలు సొంతంగా కథ కట్టి, సీన్లు విడగొట్టి, ఎడిట్ చేసి విడుదల చేయడం ఇలాంటి చోట్లే నేర్చుకున్నారు. అందరూ అవే పాత్రలు, అవే గొంతులు వాడటం వల్ల ఆ జనానికి తమదైన ఒక భాష, కొన్ని జోకులు ఏర్పడ్డాయి. పనిముట్టు పరిమితులే ఆ శైలిని తయారుచేశాయి కాబట్టి పనిముట్టు లేకుండా శైలి అర్థం కాదు.

ఇక్కడ ఉన్న దారులు రెండే. ఒకటి, ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోలు ఎక్కడున్నా వెతికి దాచడం. మామూలుగా వీడియోను రెండో స్థానంలో పెడతాను గానీ ఇక్కడ అదే అసలు ప్రతి. రెండోది, అభిమానులు చేసిన వ్రాపర్: ఆఫ్‌లైన్ లాంటి ప్రాజెక్టులు. ఇవి పాత ఎడిటర్‌ను, అది మాట్లాడే సర్వర్‌ను కలిపి మీ కంప్యూటర్‌లోనే నడుపుతాయి. కొత్త సినిమా చేయవచ్చు, పాత ప్రాజెక్టు ఫైలు మిగిలి ఉంటే తెరవచ్చు. చట్టం సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి: ఆ పాత్రలు, ఎడిటర్ ఇప్పటికీ వయాండ్ సొత్తు. ఇలాంటి ప్రాజెక్టు ఈరోజు ఉండి రేపు లేకపోవచ్చు. ఎలా పనిచేసేదో చూడటానికి, నేర్చుకోవడానికి బాగుంటుంది. మీ సేకరణ మొత్తాన్ని దానిమీదే ఆధారపెట్టడం నాకు సమ్మతం కాదు. ఏది చేసినా అదే రోజు వీడియోగా తీసి పెట్టుకోండి.

ఎడిటర్ నడవకపోయినా దాని ఆనవాళ్లు దాచవచ్చు. మెనూల స్క్రీన్‌షాట్లు, ఒక సీను మొదటినుంచి కట్టి చూపించే రికార్డింగు, ఏ థీమ్‌లో ఏ పాత్రలు ఉండేవో జాబితా. కొన్నేళ్లు పోయాక ఎవరైనా ఈ శైలి గురించి రాయాలనుకుంటే వాళ్లకు ముందు కావలసినవి ఇవే.

ఫ్లిప్‌నోట్, పివట్, స్క్రాచ్, ఎంఎండీ

ఫ్లిప్‌నోట్లు 256×192 పిక్సెళ్లలో, నలుపు తెలుపులకు తోడు ఎరుపు నీలం రంగులతో, అత్యధికంగా 999 ఫ్రేములతో ఉండేవి. వీటిని వీడియో చేసేటప్పుడు పిక్సెళ్లను సరిగ్గా నాలుగింతలో ఐదింతలో పెంచండి, 1024×768 గానీ 1280×960 గానీ వస్తుంది. మృదువుగా చేసే ఫిల్టర్ పెడితే ఆ గరుకు గీతల అందం పోతుంది. వీడియో చేసినా పీపీఎం ఫైలు మాత్రం వదలకండి. హటేనాలో ఒకరి ఫ్లిప్‌నోట్‌ను ఇంకొకరు దించుకుని పొడిగించి మళ్లీ పెట్టడం పెద్ద ఆట. మొదట గీసినవాళ్లు ఎవరు, ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నారు, చివరగా మార్చింది ఎవరు అనే మూడు పేర్లూ ఫైలు హెడర్‌లోనే (మొదటి భాగంలోనే) రాసి ఉంటాయి. ఆ వంశవృక్షం వీడియోలోకి రాదు. ఆడించడానికి బ్రౌజర్‌లో పనిచేసే ఫ్లిప్‌నోట్.జేఎస్ ఉంది. డీఎస్ఐ మీదే చూడాలి, మళ్లీ పంచుకోవాలి అనుకుంటే అభిమానులు నడుపుతున్న సుడోమెమో ఉంది. మొదటిది దాచేవాళ్లకు, రెండోది గీసేవాళ్లకు.

పుల్లల మనుషులను కదిలించే ప్రోగ్రామ్ పివట్‌ది సులువు. ప్రోగ్రామ్ ఇంకా ఉచితంగా దొరుకుతుంది, పీఐవీ ఫైలు, ఎస్‌టీకే బొమ్మలు రెండూ దాచి పక్కన ఒక జిఫ్ తీసి పెట్టండి.

పిల్లలు కోడ్ బ్లాకులు పేర్చి ఆటలు, కార్టూన్లు చేసే స్క్రాచ్ ఇంకా బతికే ఉంది, అదీ ఆరోగ్యంగా. 2019 జనవరిలో 3.0తో ఫ్లాష్‌ను వదిలించుకుంది. అందులో పంచుకున్న ప్రాజెక్టులు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి కాబట్టి పేరు చెప్పి కాపీ దాచడానికి అడ్డు లేదు. ఎస్‌బీ3 ఫైలు నిజానికి ఒక జిప్, లోపల బొమ్మలు, శబ్దాలు, ఒక జేసన్ ఫైలు ఉంటాయి. ఇంత తేలికగా దాచగలిగేది ఈ జాబితాలో ఇంకోటి లేదు.

3డీ బొమ్మల చేత నాట్యం చేయించే మికుమికుడాన్స్ (ఎంఎండీ) వాడినవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. వీఎండీ కదలికల ఫైలు మీరు చేసింది, మోడల్ వేరేవాళ్లది. మోడల్‌తో వచ్చే రీడ్‌మీలో తిరిగి పంచకూడదని చాలాసార్లు ఉంటుంది. ఇంట్లో దాచుకునే ఫోల్డర్‌లో రెండూ కలిపి ఉంచండి, బయటికి పెట్టేటప్పుడు వీఎండీ, వీడియో మాత్రం పెట్టండి.

మనుషులు, వాళ్ల మాటలు

ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయనుకుందాం. అయినా సంస్కృతి దాచినట్టు కాదు. న్యూగ్రౌండ్స్‌లో కొత్త సినిమా పెడితే జనం ఓట్లతో తేల్చేవాళ్లు. స్కోరు బాగా పడిపోతే 'బ్లామ్' అయి పోర్టల్ నుంచే పోయేది. నిలబడితే దాన్ని కాపాడినవాళ్లకు పాయింట్లు. ఈ గండం గట్టెక్కడం కోసమే మొదటి కొన్ని సెకన్లలో నవ్వించేయాలనే ఆత్రం ఆ సినిమాల్లో కనిపిస్తుంది. 2001 ప్రాంతంలో అక్కడే పుట్టిన క్లాక్ క్రూ అనే ముఠా సభ్యులు పండ్లకు గడియారం ముఖాలు తగిలించి, స్పీకోనియా అనే ప్రోగ్రామ్ గొంతుతో మాట్లాడించి, కావాలనే పరమ చెత్తగా తీసినట్టుండే సినిమాలతో పోర్టల్‌ను ముంచెత్తేవాళ్లు. వాటిలో ఒక్క ఫైలు తీసి ఈరోజు ఎవరికైనా చూపిస్తే ఏమీ అర్థం కాదు. కింద పడిన తిట్లు, పోటీ ముఠా జవాబు సినిమా, ఫోరంలో మాటల యుద్ధం పక్కనే ఉంటేనే అది జోకు.

దీనికి రెండు పనిముట్లున్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' నొక్కడం మొదటిది. బహిరంగంగా ఉన్న మామూలు పేజీకి అది చాలు, పైగా మీ డిస్కుతో సంబంధం లేకుండా ఉంటుంది. లాగిన్ అయితే తప్ప కనిపించనివి, కిందికి స్క్రోల్ చేస్తే గానీ లోడ్ కాని కామెంట్లు దానికి అందవు. అప్పుడు ఆర్కైవ్‌వెబ్.పేజ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని మీరే పేజీలన్నీ తిరగండి. మీరు చూసినదల్లా అది పట్టుకుంటుంది, తర్వాత రీప్లేవెబ్.పేజ్‌లో నెట్ లేకుండా కూడా అదే పేజీల్లో తిరగవచ్చు. నెమ్మదైన పని. ఒక సాయంత్రంలో ఒక చిన్న ఫోరం విభాగం అయితే గొప్పే. అందుకే ఏ చర్చల దారాలు (థ్రెడ్లు) తీయాలో ముందే ఎంచుకోవాలి: పోటీల ప్రకటనలు, కలిసి చేసిన కొలాబ్‌ల చర్చలు, కొత్తవాళ్లకు నేర్పిన ట్యుటోరియళ్లు ముందు. కొత్త సభ్యుల పరిచయాల దారాలు చివరికి.

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో జరిగే మాటల విషయంలో నేను జాగ్రత్తగా ఉంటాను. అక్కడ మాట్లాడేవాళ్లు నలుగురి మధ్య మాట్లాడుకుంటున్నామనే అనుకుంటారు. వాళ్లను అడగకుండా మొత్తం దించి ఆర్కైవ్‌లో పెట్టడం నాకు సబబుగా అనిపించదు. సర్వర్ నడిపేవాళ్లతో మాట్లాడి, అందరికీ చెప్పి, ట్యుటోరియల్ చానెళ్ల వరకు తీసుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలి, ఎవరిని అడగాలి

మీరే చేసినదైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. వివరాలు రాసే చోటు ఉంది, రఫిల్‌తో అక్కడే ఆడుతుంది, ఫైలును అలాగే దించుకునే వీలూ ఉంది. సైటు పోయి ముక్కలైన పాత సినిమాను తిరిగి కూర్చి ఉంటే ఫ్లాష్‌పాయింట్‌కు పంపండి. వాళ్ల కూర్పు నియమాలు కొంచెం కచ్చితంగా ఉంటాయి, అసలు ఏ చిరునామాలో ఉండేదో చెప్పమంటారు. ఆ కచ్చితత్వం వల్లే వాళ్ల సేకరణ పనికొస్తోంది. రెండు చోట్లా పెట్టినా, ఇంట్లో ఒక కాపీ, ఇల్లు కాని చోట ఇంకో కాపీ ఉండాలి.

ప్రతి ఫోల్డర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టండి. ఎవరు, ఏ ఏడాది, ఏ ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌తో చేశారు, మొదట ఎక్కడ పెట్టారు, ఇప్పుడు దేంతో ఆడించి చూశారు, ఎక్కడ తేడాగా ఉంది. పాట ఎవరిదో తెలిస్తే అదీ. ఫైళ్ల ఎస్‌హెచ్ఏ-256 విలువలు (ఫైలు వేలిముద్ర లాంటివి) కూడా అందులోనే పెట్టుకుంటే కాపీ మధ్యలో పాడైందో లేదో తర్వాత తెలుస్తుంది.

ఇతరులు చేసినవి దొరికితే వ్యవహారం మారుతుంది. ఇవి చేసినవాళ్లలో చాలామంది అప్పట్లో పదీ పన్నెండేళ్ల పిల్లలు. వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు, కొందరికి ఆ పాత పని గర్వం, కొందరికి సిగ్గు, కొందరు ఆ పేరుతో తమను ఎవరూ గుర్తుపట్టకూడదనుకుంటారు. పాత మారుపేరు పట్టుకుని ఇప్పటి మనిషిని వెతికి పట్టుకోవడం, రెండింటినీ కలిపి బయట పెట్టడం మాత్రం చేయకండి, మంచి ఉద్దేశమైనా సరే. వాళ్ల పాత ఖాతా ఇంకా ఉంటే అక్కడే సందేశం పెట్టి కొన్నాళ్లు ఆగండి. సరేనంటే ఏ పేరు వేయాలో కూడా వాళ్లనే అడగండి. తీసేయమంటే జనం చూసే కాపీ వెంటనే తీసేయండి, వాదన అక్కర్లేదు. జవాబే రాకపోతే నేను చూసేది ఒకటే: సినిమాలో గానీ హెడర్‌లో గానీ అసలు పేరు, బడి పేరు, ముఖం, గొంతు ఉన్నాయా అని. లేకపోతే మారుపేరుతో పెడతాను. ఉంటే ఆ ఫైలు ఆఫ్‌లైన్ డిస్కులోనే ఉంటుంది, సేకరణ జాబితాలో శీర్షిక, ఏడాది, ఏ పనిముట్టుతో చేశారో వరకే కనిపిస్తుంది.